స్కాన్‌లు కాదు, ప్లాస్టిక్ బరువు లెక్కించండి: పురపాలక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రివర్యులకు,

నమస్కారాలతో రాయునది.

మా కాలనీ సంక్షేమ సంఘం తరఫున వార్డు సచివాలయంలోనూ, కమిషనర్ గారి కార్యాలయంలోనూ, సోమవారం అర్జీల కార్యక్రమంలోనూ ఇళ్ళలో వేరు చేసి ఇచ్చిన ప్లాస్టిక్‌ను చెత్తబండిలో తడి చెత్తతో కలిపేస్తున్నారని మేము ఇచ్చిన వినతిపత్రాలన్నిటికీ వచ్చిన జవాబు ఒక్కటే: ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అని సెల్‌ఫోనుకు ఒక సందేశం. ఒక్క అధికారి మా వీధికి రాలేదు, ఒక్కరు మమ్మల్ని పిలిచి అడగలేదు. సమస్య ఎక్కడిదక్కడే ఉంది కనుక, ఇక మీకే, నలుగురూ చదివేలా, ఈ లేఖ రాస్తున్నాము.

మా వీధిలో ప్రతి గేటుకూ క్యూఆర్ కోడ్ స్టిక్కరు ఉంది. పారిశుద్ధ్య కార్మికురాలు దానిని స్కాన్ చేయగానే ఆ ఇంటి చెత్త తీసుకున్నట్టు కార్యాలయంలో నమోదవుతుంది. తడి, పొడి వేరు చేసి తీసుకున్నారా, అందులో ప్లాస్టిక్ ఎంత, అది చివరికి ఎవరి చేతికి చేరింది అన్న ప్రశ్నల్లో ఒక్కదానికీ మా పట్టణంలో వాడుతున్న యాప్‌లో చోటు లేదు. స్కాన్ పడితే పని జరిగినట్టు, పడకపోతే జరగనట్టు. ఈ లెక్క మీద ఆధారపడి మా వార్డులో సేకరణ సంపూర్ణంగా జరుగుతోందని పైకి నివేదికలు వెళ్తున్నాయి. మంత్రి గారూ, ఆ నివేదికలు మీ ముందుకు వచ్చినప్పుడు దయచేసి వాటిని నమ్మకండి.

తెల్లవారుజామున మా వీధి మొదట్లో నిలబడితే జరిగేది మీకే తెలుస్తుంది. ఎండకు వెలిసిపోయిన స్టిక్కరును కార్మికురాలు చీర చెంగుతో తుడిచి, చేతి తొడుగు తీసి, ఫోనును దగ్గరగా, దూరంగా జరుపుతూ సిగ్నల్ కోసం ఎదురుచూస్తుంటుంది. స్కాన్‌లు తగ్గితే మేస్త్రీ చేత మాటలు పడాలి, హాజరుకు ఇబ్బంది వస్తుందన్న భయం వేరే. ఆమె ధ్యాసంతా ఫోను మీద ఉన్న ఆ కాసేపట్లో, వెనక ఉన్న మనిషి ఆకుపచ్చ బుట్టనూ నీలం బుట్టనూ ఒకే బండిలోకి గుమ్మరించేస్తాడు. బండిలో తడి చెత్తకూ పొడి చెత్తకూ మధ్య ఉండవలసిన రేకు ఊడిపోయి చాలా కాలమైంది. మా ఆడవాళ్ళు పాల ప్యాకెట్లను కడిగి, ఆరబెట్టి, మడిచి వేరే సంచిలో వేసి ఇస్తున్నారు. అవి మిగిలిన సాంబారులోనూ, కుళ్ళిన కూరగాయల్లోనూ కలిసిపోవడం కళ్ళారా చూసిన తరువాత, రేపటి నుంచి వేరు చేయమని మేము ఏ మొహం పెట్టుకుని అడగాలి? కొందరు మానేశారు కూడా. వారిని తప్పుపట్టలేము.

ఇది కేవలం మనసు కష్టపెట్టుకునే విషయం కాదు. శుభ్రంగా ఉన్న పాల కవర్లను పాత సామాన్ల కొట్టులో కిలోల లెక్కన కొంటారు. జిడ్డు అంటిన వాటిని ముట్టుకోరు. నీళ్ళ సీసాలదీ అదే తీరు. ఇంటి గుమ్మం దగ్గర ధర ఉన్న వస్తువు, బండి ఎక్కగానే ధర లేనిదై, డంపింగ్ యార్డుకు చేరి, అక్కడ కాలి, ఆ పొగ తిరిగి మా ఇళ్ళకే వస్తోంది. బిస్కెట్, చిప్స్ ప్యాకెట్లకైతే మొదటి నుంచీ కొనేవాడే లేడు. వాటి బాధ్యత తయారీదారులదేనని 2022 ఫిబ్రవరిలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, కంపెనీలు లెక్కలు చూపడానికి పోర్టల్ పెట్టింది. ఆ కంపెనీలతో ఒప్పందం చేసుకుని ఖర్చు రాబట్టే ప్రయత్నం మా పురపాలక సంఘం చేసిందా అని అడిగితే సమాధానం లేదు. పైగా 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీల్లో, రీసైక్లింగ్ జరగకుండానే జరిగినట్టు చూపిన నకిలీ ధ్రువపత్రాలు లక్షల సంఖ్యలో బయటపడ్డాయి. కాటా మీద తూచిన బరువు లేకుండా తెర మీద అంకెలను మాత్రమే నమ్మితే దేశస్థాయిలో ఏమవుతుందో అక్కడ తేలింది. మా వార్డులో జరుగుతున్నదీ అదే.

సాంకేతికత వద్దని మేము అనడం లేదు. 2022లో కేదార్‌నాథ్ యాత్రలో ప్లాస్టిక్ సీసాలకు క్యూఆర్ కోడ్ అంటించి, పది రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తిరిగి ఇచ్చినవారికి ఆ సొమ్ము వెనక్కి ఇచ్చారు. ఆ ఏర్పాటు చేసిన సంస్థ మన హైదరాబాద్‌దే. అక్కడ కోడ్ సీసా మీద ఉంది, అందుకే సీసా తిరిగి వచ్చింది. ఇక్కడ కోడ్ గోడ మీద ఉంది. కేరళలో హరిత కర్మ సేన మహిళలు కూడా ఇంటింటా కోడ్ స్కాన్ చేస్తారు, కానీ వారు తీసుకునేది వేరు చేసిన పొడి చెత్తనే, ఏరి శుభ్రం చేసి ఇచ్చిన ప్లాస్టిక్‌కు వారికి డబ్బు అందుతుంది. మన మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) పొదుపు సంఘాల మహిళలు ఆ పని చేయలేరా?

ఇంకొక మాట. మా పట్టణంలో ప్లాస్టిక్‌ను నిజంగా రీసైక్లింగ్‌కు చేరుస్తున్నది తెల్లవారకముందే గోనెసంచి భుజాన వేసుకుని తిరిగే చెత్త ఏరుకునేవాళ్ళు. వారిని గుర్తించి నమోదు చేయాలని, సేకరణలో కలుపుకోవాలని కేంద్రం 2016లో తెచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలే చెప్పాయి. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసే కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ‘నమస్తే’ పథకాన్ని 2024లో వారికీ వర్తింపజేశారు. మాకు తెలిసిన వారిలో ఒక్కరి చేతిలోనూ గుర్తింపు కార్డు లేదు. కుక్కలు తరుముతాయి, కాపలాదారులు దొంగలని అదిలిస్తారు. కార్మికురాలి స్కాన్‌కు ఉన్న విలువ, వీరు రోజూ మోసుకుపోయే బస్తాకు లేదు. ఈ లేఖలో మాకు అన్నిటికంటే బాధ కలిగిస్తున్న విషయం ఇదే.

చెత్త పన్ను రద్దు చేసినందుకు మేము సంతోషించాము. ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమానికి మా కాలనీ వాళ్ళం చీపుళ్ళు పట్టుకుని వస్తూనే ఉన్నాము. ఫొటోలు తీసి అప్‌లోడ్ చేస్తున్నారు. సోమవారం బండి వచ్చి మళ్ళీ అన్నీ కలిపేస్తోంది.

అయ్యా, మేము కొత్త యాప్ అడగడం లేదు. ముందుగా బండిలో ఆ రేకు వేయించండి. ప్రతి వార్డులో పొడి చెత్త షెడ్డు పెట్టి, అక్కడ ఒక కాటా ఉంచి, సీసాలు, కవర్లు, రేపర్లు వేరువేరుగా తూచి, ఆ బరువునే యాప్‌లో ఎక్కించమనండి. ఆ లెక్క మీ కార్యాలయానికే కాక మా ఫోనుల్లోనూ కనిపించాలి. ఏ రోజు ఎంత వచ్చింది, ఎవరు కొన్నారు, ఎంత ధర వచ్చింది అన్నది వీధిలో అందరికీ తెలియాలి. వచ్చిన డబ్బులో కార్మికులకూ, చెత్త ఏరుకునేవారికీ వాటా ఇవ్వండి. సిగ్నల్ లేని చోట స్కాన్ పడలేదని కార్మికుల జీతం కోయకుండా ఆదేశాలివ్వండి. అర్జీదారు సంతకం లేకుండా ఏ అర్జీనీ ‘పరిష్కరించబడినది’ అని మూయవద్దని కూడా చెప్పండి. వీలైతే ముందస్తు సమాచారం లేకుండా ఒక ఉదయం మా వీధికి రండి. బండి ఆరున్నరకు వస్తుంది.

ఇట్లు,
కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి, సభ్యులు