17 పెన్సిల్ గీతలకు కృతజ్ఞతలు

గడచిన ఎనిమిది నెలల్లో ఉద్యోగం నా ఆరోగ్యాన్నీ, దానితోపాటు కవిత్వాన్నీ కుంగదీసిన వేళ నన్ను ఆదుకున్నవారికి పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పుకోవలసి ఉంది. పేర్లు వద్దని వారే అన్నారు కనుక చేసిన మేలు మాత్రమే రాస్తున్నాను.

మొదటి నమస్కారం నా కవిమిత్రునికి. చదివి చెప్పమని పంపిన కవితను ఆయన బాగుందనీ బాగాలేదనీ అనకుండా, ‘పంపాలి’, ‘ముగించాలి’, ‘జవాబివ్వాలి’ అంటూ సాగిన పాదాలన్నింటిలో చివరి ‘ఆలి’ కింద పెన్సిల్‌తో గీత గీసి తిప్పి పంపారు. 22 పాదాల్లో 17 గీతలు. నేను కవిత అనుకున్నది మరునాటి పనుల జాబితా అని అప్పుడు గాని తెలిసిరాలేదు. అంచున ఒక్క ప్రశ్న ఉంది: ‘నిద్ర పడుతోందా?’

పట్టడం లేదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి, ముందురోజు పంపిన నివేదికలో ఏ అంకె తప్పు పడిందోనని గుండె దడదడలాడేది.

ఆయన పట్టుబట్టి తీసుకువెళ్తేనే వైద్యురాలిని కలిశాను. కుంగుబాటు లక్షణాలను అంచనా వేయడానికి గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలుండే పీహెచ్‌క్యూ-9 పత్రాన్ని ఆమె తొందరపెట్టకుండా నా చేత నింపించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ను జబ్బుగా కాక, అదుపు తప్పిన దీర్ఘకాలపు పని ఒత్తిడి ఫలితంగా, ఉద్యోగానికే పరిమితమైన స్థితిగా నిర్వచించిందనీ, నా నిరాసక్తత మాత్రం ఇంటికీ పుస్తకాలకూ పాకింది కనుక ఆ పేరుతో సరిపెట్టుకోకూడదనీ వివరించి, కుంగుబాటుకు చికిత్స మొదలుపెట్టారు. మందులతో కవిత్వం మొద్దుబారుతుందేమోనన్న నా భయాన్ని ఆమె కొట్టిపారేయలేదు, ‘ఇప్పుడు రాయగలుగుతున్నారా?’ అని మాత్రం అడిగారు.

సెలవు అడగడానికి నేను సిగ్గుపడుతుంటే, లండన్‌లో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న ఆంగ్ల కవి టి.ఎస్. ఎలియట్ 1921లో మానసికంగా అలసిపోయి మూడు నెలలు సెలవు పెట్టాడనీ, తన ప్రసిద్ధ దీర్ఘకవిత ‘ది వేస్ట్ లాండ్’లో కొంత భాగాన్ని ఆ సెలవులోనే రాశాడనీ గుర్తుచేసి, దరఖాస్తు తానే రాసిపెట్టి, నా నెలాఖరు లెక్కలు కూడా తలకెత్తుకున్న సహోద్యోగికి రుణపడి ఉన్నాను. (నా సెలవులో నేను ఒక్క పాదమూ రాయలేదు, నిద్రపోయాను. బాధే కవిత్వానికి మూలమని సభల్లో ఎన్నోసార్లు అన్న మాటను కూడా ఇక్కడే వెనక్కి తీసుకుంటున్నాను.) సాయంత్రం ఏడు దాటాక సందేశాలు పంపనని మాటిచ్చి నిలబెట్టుకుంటున్న పై అధికారికీ ధన్యవాదాలు.

పోయిన వారం ఎనిమిది పాదాల కవిత ఒకటి మిత్రునికి పంపాను. అందులో ఒకచోట ‘పడుకోవాలి’ అని ఉంది. దాని కింద ఆయన గీత గీయలేదు.