కప్పు తెచ్చినోడు విఫలమైనోడు ఎలా అయిపోయాడు?

ఎడిటర్ గారికి నమస్కారం.

2025 అక్టోబర్ 19న స్పోర్ట్స్ పేజీలో కింద మూల ఒక బిట్ వేశారు, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ నాటింగ్‌హామ్ ఫారెస్ట్ వాళ్ళు కోచ్ పోస్టెకోగ్లూని 39 రోజులకే పీకేశారని. అంతవరకు కరెక్టే, ఎనిమిది మ్యాచ్‌లాడి ఒక్కటీ గెలవలేదు, చెల్సీ మీద 3-0 ఓడిపోయిన 20 నిమిషాల్లోపే పంపించేశారు, దానికి నేనేమీ అనను. కానీ చివర్లో ‘అంతకుముందు టాటెన్‌హామ్‌లోనూ విఫలమై ఉద్వాసనకు గురయ్యాడు’ అని ఒక ముక్క తగిలించారు చూడండి, దాని మీద మా టీకొట్టు దగ్గర గంటన్నర గొడవయింది, గుగ్ని ప్లేట్లు చల్లారిపోయాయి, అందుకే రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి. ఒడిశా అని దూరం అనుకోకండి, పక్కనే పాతపట్నం, మీ శ్రీకాకుళం ఎడిషనే మాకూ వస్తుంది. నేను స్పర్స్ ఫ్యాన్ని, అంటే ఆ టాటెన్‌హామ్ క్లబ్‌కే. ఎందుకు అయ్యావంటే చెప్పుకోడానికి గొప్ప కథ ఏమీ లేదండి, 2012లో నెట్ సెంటర్లో గేమ్ ఆడేటప్పుడు మంచి టీమ్‌లన్నీ పెద్దోళ్ళు తీసేసుకుంటే మిగిలింది నాకిచ్చారు, అందులో బేల్ అనే ఆటగాడు ఉన్నాడు గదా అని పట్టుకున్నాను, ఆడు మరుసటేడు రియల్ మాడ్రిడ్‌కి పోయాడు, నేను మాత్రం ఇక్కడే ఉండిపోయాను.

మా బావ స్కూల్ టీచర్, లెక్కలు చెప్తాడు, ఫుట్‌బాల్ కూడా లెక్కల్లాగే చూస్తాడు. ఆయన మాట ఏటంటే 2024-25 ఇంగ్లండ్ లీగ్‌లో 38 మ్యాచ్‌ల్లో 22 ఓడిపోయి 17వ ప్లేస్‌లో ఆగినోడిని తియ్యకుండా దండేస్తారా అని. కింద మూడు టీమ్‌లు అంత దరిద్రంగా ఆడబట్టి బతికారు, 18వ ప్లేస్ లీసెస్టర్‌కి 25 పాయింట్లే, లేకపోతే మీ వాళ్ళు కింది డివిజన్‌కి దిగిపోయేవాళ్ళు అంటాడు. క్లబ్ వాళ్ళు చెప్పిన లెక్క కూడా ఆయన నోటికి వచ్చు, ఆఖరి 66 లీగ్ మ్యాచ్‌ల్లో 78 పాయింట్లు. నేను కాదనను, లెక్క లెక్కే. ఆ సీజన్ చూడ్డం కంటే రాళ్ళు కొట్టుకోవడం నయం అనిపించిన శనివారాలు చాలా ఉన్నాయి.

కానీ సార్, 17వ ప్లేస్‌కి తియ్యాలంటే ఎప్పుడు తియ్యాలి? జనవరికే టేబుల్లో కిందకి జారిపోయారు గదా, సగం డిఫెన్స్ గాయాలతో పడుంది, అప్పుడు తియ్యొచ్చు గదా. అప్పుడు ఉంచుకుని, మే 21న బిల్బావోలో మాంచెస్టర్ యునైటెడ్‌ని 1-0 కొట్టి యూరప్ క్లబ్‌ల రెండో పెద్ద కప్పు యూరోపా లీగ్ తెచ్చాక, ఆ కప్పు వల్లే అన్నిటికంటే పెద్దదైన ఛాంపియన్స్ లీగ్ ఎంట్రీ కూడా దొరికాక, 16 రోజులకి పాత మార్కుల లిస్టు తీస్తే దాన్నే మన పెద్దోళ్ళు ఏరు దాటి తెప్ప తగలెయ్యడం అన్నారు. 2008 తర్వాత మాకు అదే మొదటి కప్పు, యూరప్‌లో అయితే 1984 తర్వాత. మా కెప్టెన్ సన్‌కి క్లబ్ కెరీర్ మొత్తంలో అదే ఫస్ట్ ట్రోఫీ, ఏడుస్తా జెండా కప్పుకుని తిరుగుతుంటే ఇక్కడ రాత్రి రెండున్నరకి ఫోన్ చేతిలో పట్టుకుని నేనూ ఏడ్చాను, ఇంట్లోవాళ్ళు ఎవరికో ఏదో అయిందనుకుని లేచొచ్చేశారు.

పోస్టెకోగ్లూ మొండోడు, మారడు అని కూడా అంటారు. 2023 నవంబర్లో చెల్సీ మీద ఇద్దరు రెడ్ కార్డు తిని బయటికెళ్ళాక కూడా తొమ్మిది మందితో డిఫెన్స్‌ని సెంటర్ లైన్ దగ్గరే నిలబెట్టి 4-1 ఓడిపోయాడు, అది నిజమే, నేనూ తిట్టుకున్నాను. కానీ ఫైనల్లో ఏం చేశాడు? బ్రెనన్ జాన్సన్ గోల్ పడ్డాక మెల్లగా వెనక్కొచ్చి గోడ కట్టేశాడు, మా డిఫెండర్ వాన్ డి వెన్ గోల్ గీత మీద గాల్లోకి లేచి బాల్ తన్నాడు గదా, అదే కప్పు. మరి మారలేదని ఎలా అంటారు.

మాలో ఒక ఒరియా ఫ్రెండ్ ఉన్నాడు, యునైటెడ్ ఫ్యాన్, ఆ సీజన్లో మా చేతిలో నాలుగుసార్లు ఓడారు కాబట్టి ఆడి మాట కొంచెం తగ్గించి వినాలి, అయినా ఆడు అన్నదానికి నా దగ్గర సరైన జవాబు లేదు. మీ ఇంగ్లండ్ ఎందుకు, మన ఒడిశా ఎఫ్‌సీ చూడు అన్నాడు. 2023 ఏప్రిల్లో క్లిఫర్డ్ మిరాండా తాత్కాలిక కోచ్‌గా ఉండి బెంగళూరుని 2-1 కొట్టి సూపర్ కప్ తెచ్చాడు, అయినా తర్వాతి సీజన్‌కి కొత్త కోచ్‌గా లోబెరాని తెచ్చారు, టీమ్ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) సెమీస్‌కి వెళ్ళింది, మార్చడం తప్పెలా అవుద్ది అని. బావ టేబుల్ మీద గుద్ది చూశావా అన్నాడు. నేను టీ తాగాను.

ఇంటికెళ్ళాక తట్టింది నాకు. మిరాండా మొదట్నుంచీ తాత్కాలికమే. మా క్లబ్‌లో అలా కాదు, 2019 జూన్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడించిన కోచ్ పోచెట్టినోని అదే ఏడాది నవంబర్లో తీసేశారు, 2021లో కోచ్ మోరిన్యోని లీగ్ కప్ ఫైనల్‌కి ఆరు రోజుల ముందు తీసేశారు, ఈసారి కప్పు గెలిచాక తీసేశారు. ముందు తీసినా వెనక తీసినా తీసే చెయ్యి ఒకటే, క్లబ్ చైర్మన్ లెవీ, దగ్గర దగ్గర పాతికేళ్ళు ఆ కుర్చీలో ఉన్నాడు. ఆయన కూడా 2025 సెప్టెంబర్లో దిగిపోయాడు, అప్పటికి పోస్టెకోగ్లూని పంపించి మూడు నెలలు కూడా కాలేదు. మనం మాత్రం కోచ్ గురించే కొట్టుకుంటాం, పైనున్నోడి ఊసు గొడవ అయిపోయి ఇంటికెళ్ళాకే గుర్తొస్తుంది.

కాబట్టి ఈసారి రాసేటప్పుడు ‘లీగ్‌లో 17వ స్థానం, యూరోపా లీగ్ విజేత’ అని రెండూ రాయండి, ‘విఫలమై’ తీసేస్తే జాగా సరిపోతుంది.

ఇంకోటి. మాకొచ్చేది ముందు కొట్టే ఎడిషన్. రాత్రి పన్నెండున్నరకి మొదలైన ఫైనల్ వార్త మర్నాడు పేపర్లో లేదు, మే 23న చిన్నగా వచ్చింది, అప్పటికి ఊరంతా మర్చిపోయింది. ఆ కోచ్‌ని తీసేసిన వార్త మాత్రం జూన్ 7 పొద్దున్నే ఫొటోతో సహా మా గుమ్మంలో పడుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా