విరాళానికి గుర్తొచ్చేవాళ్లం, పాఠానికి గుర్తురామా?

సంపాదకుల వారికి నమస్కారం.

సంక్రాంతి వచ్చిందంటే మీ జిల్లా పేజీల నిండా పూర్వ విద్యార్థుల సమ్మేళనాలే. ఈసారి నేనూ వెళ్లొచ్చాను, 1994లో బీకాం పూర్తి చేసిన కాలేజీకి. శాలువాలు, గ్రూప్ ఫొటో, భోజనాలు అయ్యాక కొత్త గదుల కోసం విరాళాల పుస్తకం తిప్పారు, ఇచ్చాను, ఇవ్వాలి కూడా. వచ్చేటప్పుడు అక్కడి పెద్దాయన ఒకరిని అడిగాను, ‘‘మీ దగ్గర ఎన్‌పీటెల్ లోకల్ చాప్టర్ ఉంది కదండీ, మాలాంటి పాతవాళ్లను, పిల్లల తల్లిదండ్రులను కూడా కలుపుకోవచ్చు కదా’’ అని. ఆయన నవ్వేసి ‘‘ఈ వయసులో మీకెందుకండీ ఇవన్నీ’’ అన్నారు. ఆ నవ్వు చూశాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ ప్రొఫెసర్లు ఆన్‌లైన్‌లో చెప్పే పాఠాలే ఎన్‌పీటెల్. ఆ కోర్సులు చదివే పిల్లలకు తోడుగా ఉండేందుకు కాలేజీలో పెట్టుకునే ఏర్పాటే లోకల్ చాప్టర్. 2017 నుంచి కేంద్రం నడుపుతున్న స్వయం పోర్టల్‌లో ఈ కోర్సుల్లో చేరొచ్చు. చేరడానికి పైసా అక్కర్లేదు, వయసు అడ్డు కాదు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు, నేను కట్టింది వెయ్యి రూపాయలు. వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25 మార్కులు, కంప్యూటర్ సెంటర్‌కు వెళ్లి రాసే పరీక్షకు 75.

నాది ఎరువుల కొట్టు. మా అమ్మాయి బీటెక్ మూడో ఏడు, వాళ్ల కాలేజీలో ఈ కోర్సులు తప్పనిసరి అన్నారు. రాత్రిపూట తను పైథాన్ అనే కంప్యూటర్ భాష పాఠం పెట్టుకుంటే పక్కన కూర్చుని నేనూ వినేవాడిని, రెండు వారాలకు నాకే సరదా పట్టుకుంది, కొట్లో స్టాకు లెక్క వేసే చిన్న ప్రోగ్రాం రాసుకోవచ్చని ఆశ పుట్టింది. నేనూ చేరాను. పన్నెండు వారాలు, బుధవారం రాత్రి లోపు అసైన్‌మెంటు పంపాలని టెన్షన్, సీజన్‌లో కొట్టు మూసేసరికే పది అయ్యేది. అయినా అన్నీ పంపాను. తీరా చూస్తే పరీక్షకు హాల్ టికెట్ రాలేదు! కోర్సులో చేరడం వేరు, పరీక్షకు నమోదు చేసుకోవడం వేరట, రెండోదానికి గడువు మధ్యలోనే అయిపోయింది. మా అమ్మాయికి ఆ తిప్పలు లేవు, ఎందుకంటే వాళ్ల కాలేజీలో ఈ పని చూసే లెక్చరర్ ఒకరున్నారు, ఫలానా తేదీ ఆఖరు అని వాట్సాప్ గ్రూపులో పెడుతూనే ఉంటారు. నా గురించి తను కనుక్కోలేదేమని అడగొద్దు, నాన్న కదా అన్నీ చూసుకుంటాడు అనుకుందట.

మళ్లీ చేరి రాశాను. సెంటర్ గేటు దగ్గర వాచ్‌మన్ ‘‘పేరెంట్స్ బయటే ఉండాలండీ’’ అన్నాడు, హాల్ టికెట్ చూపించాక కానీ వదల్లేదు. 58 వచ్చింది. ఇంకో రెండు మార్కులు వచ్చి ఉంటే సర్టిఫికెట్ మీద ‘ఎలైట్’ అని పడేది, అది ఇప్పటికీ బాధే.

నేను చెప్పేదేమిటంటే, పాఠాలకు కొదవ లేదు, ఫోన్‌లోనే ఉన్నాయి. మొదలుపెట్టి మధ్యలో వదిలేసేది తోడు లేక, గడువులు తెలియక, చిన్న సందేహం వస్తే అడిగే మనిషి లేక. ఈ మూడూ లోకల్ చాప్టర్ ఉన్న ప్రతి కాలేజీలో ఇప్పటికే ఉన్నాయి. మమ్మల్ని వాళ్ల లెక్కల్లో రాయక్కర్లేదు, ఫీజు మేమే కట్టుకుంటాం. గ్రూపులో మా నంబర్లు కలపండి, ఆదివారం పూట రెండు గంటలు ల్యాబ్ తెరవండి, అంతే. తెలుగు మీడియం వాళ్లు ఇంగ్లిష్‌కు భయపడతారన్నది నిజమే, కానీ కొన్ని కోర్సుల పాఠాలు తెలుగులో రాసి కూడా పెట్టారు, ఆ సంగతి చెప్పేవాళ్లే లేరు. ఇల్లు గడుపుకుంటూ చదువు ఆపేసిన మా వదిన లాంటి వాళ్లెందరో. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన ఉమ్మడి రాష్ట్రంలోనే పెట్టారు, వయసు దాటినవాళ్లు చదవడం మనకేం కొత్త కాదు.

జులైలో మళ్లీ కొత్త కోర్సులు మొదలవుతాయి. నా ఫోన్ నంబరు కోసం మా కాలేజీవాళ్లు వెతుక్కోనక్కర్లేదు, విరాళం రసీదు మీద ఉంది.

– ఒక పూర్వ విద్యార్థి, తణుకు