పాత డ్రిల్లుకు మూడో తీగ వేయించండి

సంపాదకులకు,

వరంగల్, హన్మకొండ వర్క్‌షాపుల్లో ఇనుప బాడీ ఉన్న పాత డ్రిల్లులు, గ్రైండర్లు ఇంకా రెండు పిన్నుల వైరుతోనే నడుస్తున్నాయి. లోపల ఇన్సులేషన్ పాడై ఫేజ్ (కరెంటు వచ్చే తీగ) బాడీకి తగిలితే 230 వోల్టులూ పట్టుకున్న చేతికే. వానాకాలం తడి నేల మీదైతే ప్రాణమే పోవచ్చు.

1.5 చదరపు మి.మీ. మూడు కోర్ల రాగి వైరు వేయించండి. అందులో ఆకుపచ్చది ఎర్త్, అంటే బాడీకి తగిలిన కరెంటును నేలలోకి పంపే మూడో తీగ. దానికి రింగు లగ్గు (స్క్రూ పట్టే రంధ్రమున్న లోహపు కొస) నొక్కి, బాడీపై పెయింటును లోహం మెరిసేదాకా గీకి, పళ్ల వాషరుతో స్క్రూ బిగించాలి. పెయింటు మీదే బిగిస్తే ఎర్త్ అందదు. ఆ తీగను మిగతా రెండింటికన్నా కాస్త పొడవుగా వదిలితే, ఎవరైనా వైరు లాగినా చివరగా ఊడేది అదే. ప్లగ్గు తీసి, ఎర్త్ పిన్ను నుంచి బాడీకి మల్టీమీటరు పెడితే ఒక ఓం లోపే చూపాలి.

సాకెట్టులోనే ఎర్త్ లేకపోతే ఇదంతా వృథా. కొందరు అక్కడ న్యూట్రల్‌నే (కరెంటు తిరిగి వెళ్లే తీగ) ఎర్త్ పిన్నుకు కలుపుతున్నారు. న్యూట్రల్ తెగిన క్షణం బాడీ అంతా కరెంటే. దయచేసి అలా కలపకండి.

– ఒక ఎలక్ట్రీషియన్, హన్మకొండ