మందగమనాన్ని బిజినెస్ పేజీలోంచి జిల్లా పేజీకి తీసుకురండి

సంపాదకుల గారికి నమస్కారం.

ఈ 2019 నవంబరు 29న కేంద్రం లెక్కలు బయటపెట్టింది కదండీ, జులై నుంచి సెప్టెంబరు దాకా జీడీపీ, అంటే దేశం మొత్తం ఉత్పత్తి, పెరుగుదల 4.5 శాతమే అని, ఆరేళ్ళ పైనుంచి ఇంత తక్కువ ఎప్పుడూ రాలేదని. మీ పేపర్లో కూడా వచ్చింది, కాకపోతే బిజినెస్ పేజీలో షేర్ల రేట్ల పక్కన వచ్చింది. మా వీధిలో చాలా ఇళ్ళల్లో ఆ పేజీ ఎవరూ విప్పరు. మొన్న 5న రిజర్వు బ్యాంకు ఈ ఏడాది మొత్తం మీద కూడా 5 శాతమే పెరుగుతుందని చెప్పింది, అదీ అక్కడే వచ్చింది. విజయనగరం జిల్లా పేజీలు నేను రోజూ మొదటి నుంచి చివరి దాకా చదువుతా, వాటిల్లో ఈ మందగమనం ముక్క ఎక్కడా లేదు. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదైంది, ఏమీ అనుకోకండి.

నేను పోస్టాఫీసు ఆర్డీ (రికరింగ్ డిపాజిట్, నెలనెలా కొంత కట్టి దాచుకునే ఖాతా) ఏజెంటుని. నెలనెలా ఇంటింటికీ తిరిగి డబ్బు తెచ్చి పోస్టాఫీసులో కట్టడం నా పని. తోటపాలెం, కంటోన్మెంటు, గాజులరేగ వైపు నా ఖాతాదారులు ఎక్కువ, అందరూ చిన్నవాళ్ళే, టిఫిన్ బండి వాళ్ళు, టైలర్లు, తాపీమేస్త్రీలు, ఆటోవాళ్ళు, ప్రైవేటు స్కూలు టీచర్లు, బట్టల షాపుల్లో నిలబడి అమ్మే అమ్మాయిలు. ఒకింట్లో డబ్బుకి ఇబ్బంది మొదలైతే వాళ్ళ చుట్టాలకంటే ముందు నాకు తెలుస్తుంది. నెలకి వెయ్యి కట్టేవాళ్ళు "పాతది ఇక కట్టలేనమ్మా, అయిదొందలది కొత్తది రాయి" అంటారు, అయిదొందలవాళ్ళు పదో తారీఖున రమ్మని, తర్వాత ఇరవయ్యిన రమ్మని, ఆ తర్వాత తలుపు తియ్యడం మానేస్తారు. ఏడాదిగా ఇది పెరుగుతూనే ఉంది. ఇంకోటేంటంటే మూడేళ్ళు నిండగానే మూసేసుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. అయిదేళ్ళు ఉంచితే 7 శాతం పైన వడ్డీ వచ్చేది మధ్యలో మూసేస్తే సేవింగ్స్ ఖాతా వడ్డీ 4 శాతమే వస్తుంది, ఆ సంగతి వాళ్ళకి తెలుసు, నేను చెప్తూనే ఉంటా, అయినా సంతకం పెట్టేస్తున్నారు.

జనం ఖర్చు తగ్గించుకునే తీరు దగ్గర్నుంచి చూస్తే దానికొక వరస ఉంటుందండీ. ముందు బయటి తిండి, కొత్త బట్టలు ఆగుతాయి. జాకెట్లు బయట కుట్టించుకునేవాళ్ళు పాతవే వదులు చేసుకుని తొడుక్కుంటారు, అక్కడ టైలరమ్మకి దెబ్బ. తర్వాత పెళ్ళిళ్ళకి పేరంటాలకి వెళ్ళడం తగ్గుతుంది, చదివింపులు చదివించాలి కాబట్టి ఒంట్లో బాలేదని చెప్పి ఆగిపోతారు. తర్వాత ఆర్డీ, చీటీలు. ఆ తర్వాత బంగారం తాకట్టుకి వెళ్తుంది. ఈ 2019 చివరికి పది గ్రాములు 38 వేలు దాటిపోయింది కాబట్టి అదే గొలుసు మీద నిరుటి కంటే ఎక్కువ అప్పు ఇస్తున్నారు, అది చూసి మనకి కలిసొచ్చిందనుకుంటున్నారు, కానీ అప్పు పెరిగితే వడ్డీ కూడా పెరుగుద్ది కదా, విడిపించుకోడానికి ఇంకా ఎక్కువ కావాలి. ఇంత జరిగినా పిల్లల స్కూలు ఫీజు మాత్రం ఆపరు. నాకు తెలిసిన ఇళ్ళల్లో ఒక్కరు కూడా పిల్లాణ్ణి ప్రైవేటు స్కూలు మాన్పించలేదు, మెళ్ళో పుస్తెలు పసుపుతాడుకి కట్టుకుని గొలుసు తీసుకెళ్ళి ఫీజు కట్టిన తల్లుల్ని చూశాను. వాళ్ళ పేర్లు రాయను, వాళ్ళు నాకు చెప్పింది నమ్మకంతో.

నాకు బాధ కలిగించేది, ఈ ఉత్తరం రాయడానికి కారణం అయిందీ ఇంకోటుంది. వీళ్ళంతా తప్పు తమదేననుకుంటున్నారు. టైలరమ్మ తన కుట్టు పాతబడిపోయిందనుకుంటుంది, సందు చివర ఇంకో కుర్రది మిషను పెట్టింది అందుకే నా దగ్గరికి రావట్లేదని దాంతో మాటలు మానేసింది, ఆ కుర్రదాని దగ్గరికి వెళ్తే దానికీ బేరాల్లేవు. ఇడ్లీ బండాయన చట్నీలో కొబ్బరి తగ్గించానని జనం తగ్గారనుకుంటున్నాడు. టూవీలర్ షోరూంలో పనిచేసే కుర్రాడొకడు, వాళ్ళమ్మ దగ్గర నేను ఆర్డీ తెస్తా, దసరా ముందు వాణ్ణి తీసేశారు. రెండు వారాల పాటు ఇంట్లో చెప్పకుండా పొద్దున్నే టిఫిన్ బాక్సు పట్టుకుని బయల్దేరి అయ్యకోనేరు గట్టు మీద కూర్చుని సాయంత్రం ఇంటికొచ్చేవాడు. తెలిశాక వాళ్ళమ్మ నాతో అన్నది "మావోడు సరిగ్గా పంజెయ్యలేదేమో తల్లీ, అందరికీ ఉండగా ఈడికే ఎలగ పోనాది" అని. వాడూ అదే అనుకుంటున్నాడు, నాకు మాట్లాడ్డం రాదు అందుకే బళ్ళు అమ్మలేకపోయాను అంటున్నాడు.

వాడికి కూర్చోబెట్టి చెప్పా. ఆగస్టులో దేశం మొత్తం మీద కార్లు, వ్యాన్లలాంటి ప్యాసింజరు బళ్ళ అమ్మకాలే నిరుటి ఆగస్టు కంటే 31 శాతం పైన పడిపోయాయి, మారుతీ వాళ్ళంతటివాళ్ళు సెప్టెంబర్లో రెండ్రోజులు గుర్గావ్, మానేసర్ ఫ్యాక్టరీలు ఆపేశారు, నువ్వు ఎంత బాగా మాట్లాడినా కొనేవాడి దగ్గర డబ్బు, ఇచ్చేవాడి దగ్గర ఫైనాన్సు ఉండాలి కదా నాన్నా అన్నాను. నిరుడు సెప్టెంబర్లో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అని ఒక పెద్ద సంస్థ అప్పులు కట్టలేక చేతులెత్తేసింది, అప్పట్నుంచి ఫైనాన్సు కంపెనీలకి డబ్బు పుట్టడం కష్టమైపోయి అవి మనలాంటివాళ్ళకి లోన్లు ఇవ్వడానికి వెనకాడుతున్నాయి, మన దగ్గర బళ్ళు కొనేదే ఫైనాన్సులో. ముంబైలో మొదలైన గొడవ అలా వచ్చి మా వీధి కుర్రాడి ఉద్యోగం దాకా తగిలింది. ఇదంతా వినేసరికి ఆ పిల్లాడి మొహంలో కొంచెం తెరిపి వచ్చింది, ఉద్యోగం రాలేదు కానీ "అయితే నేనొక్కణ్ణే కాదన్నమాట" అన్నాడు. ఆ మాట వాడికి నేను చెప్పడం ఏంటండీ, మీ పేపరు చెప్పాల్సింది కదా.

వెనక్కి వెళ్తే కారణాలు ఇంకా ఉన్నాయి. 2016 నవంబరు 8 రాత్రి నోట్లు రద్దు చేసినప్పుడు చేతిలో నగదుతో నడిచే చిన్న వ్యాపారాలన్నీ ఒక్కసారిగా కూలబడ్డాయి, లేచి నిలబడేలోపు 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. కొందరు కోలుకున్నారు, కొందరు కోలుకోలేదు. 2017-18లో నిరుద్యోగం 6.1 శాతమని ప్రభుత్వం సర్వేలోనే వచ్చింది, 45 ఏళ్ళలో అంత ఎప్పుడూ లేదని పేపర్లు రాశాయి. మనిషి నెలకి పెట్టే ఖర్చు 2011-12లో 1501 రూపాయలుంటే 2017-18కి, ధరల పెరుగుదల తీసేసి చూస్తే, 1446కి దిగిందని ఇంకో సర్వే పోయిన నెల పేపర్లలోకొచ్చింది, లెక్కల్లో నాణ్యత లేదని ప్రభుత్వం ఆ సర్వేని పక్కన పెట్టేసింది. నాణ్యత సంగతి పెద్దవాళ్ళు తేల్చుకోవాలి, నా డైరీలో మాత్రం ఆ దిగడం కనపడుతూనే ఉంది.

మా ఊళ్ళో ఇసుక కూడా దీనికి తోడైంది. సెప్టెంబర్లో కొత్త ఇసుక విధానం వచ్చాక, వరదల వల్ల కూడాను, ఇసుక దొరక్క కట్టుబడులు ఆగిపోయాయి. పొద్దున్నే అడ్డా మీద పారా, తట్ట పట్టుకుని నిలబడ్డవాళ్ళు ఎండెక్కే దాకా నిలబడి వెనక్కి వెళ్ళిపోతున్నారు. "ఏటి సేత్తాం తల్లీ, ఇసకొస్తే పనులొస్తాయంతన్నారు" అని వాళ్ళ నమ్మకం. ఇసుక వస్తే కొంత పని వస్తుంది నిజమే, కానీ ఇల్లు కట్టాలనుకున్నవాడు కూడా చేతిలో డబ్బు లేక ఆగాడు, అది ఎవరూ అనుకోవట్లేదు. సిరిమాను పండక్కి హైదరాబాదు నుంచి, చెన్నై నుంచి ఊరొచ్చిన కూలీల్లో కొందర్ని మేస్త్రీలు మళ్ళీ పిలవలేదు, గజపతినగరం, మెంటాడ వైపు పల్లెల్లో అలాగే ఉండిపోయారు. ఒకప్పుడైతే ఇలాంటప్పుడు జూట్ మిల్లులో ఏదో ఒక పని దొరికేది, ఇప్పుడు మిల్లుల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

పని ఒకపక్క తగ్గుతుంటే ఈ 2019 డిసెంబర్లో ఉల్లిపాయలు కిలో వంద దాటాయి. రైతుబజార్లో ప్రభుత్వం కిలో 25కి ఇస్తోంది, మంచిదే, కానీ గేటు తీసేసరికి జనం పరిగెత్తిన పరుగు చూస్తే గుండె జారిపోయింది. ముసలివాళ్ళు కూడా పరిగెత్తారండీ. ఎప్పుడూ క్యూలో నిలబడని టీచర్లు కూడా కొంగు కప్పుకుని నిలబడ్డారు.

ఇంకో భయం బ్యాంకుల గురించి. ముంబైలో ఒక సహకార బ్యాంకు ఖాతాదారులు వెయ్యి రూపాయల కంటే ఎక్కువ తీసుకోడానికి వీల్లేదని సెప్టెంబర్లో ఆంక్షలు పెట్టారు, తర్వాత ఆ పరిమితి పెంచారనుకోండి. ఆగస్టు చివర్లో ఆంధ్రా బ్యాంకుని యూనియన్ బ్యాంకులో కలుపుతున్నామని ప్రకటించారు. ఈ రెండూ కలిపేసి వాట్సాప్‌లో ఏదేదో తిప్పారు, మా దగ్గర ఇద్దరు ముగ్గురు పెద్దావిడలు డిపాజిట్ తీసేసి డబ్బు ఇంట్లో పెట్టుకున్నారు. విలీనం వేరు, మూతపడ్డం వేరు అని విడమర్చి చెప్పేవాళ్ళు లేరు. పట్టాభి సీతారామయ్య గారు 1923లో పెట్టిన బ్యాంకు పేరు పోతుందని బాధ ఉంటే ఉండొచ్చు, నాకూ ఉంది, కానీ డబ్బు పోదు. 2019 డిసెంబరు నాటికి బ్యాంకులో ఎంతున్నా లక్ష రూపాయల వరకే బీమా అని, అది 1993 నుంచి అప్పటిదాకా పెరగలేదని మాత్రం జనానికి తెలియాలి, పెంచమని అడగాలి.

కోట జంక్షన్ దగ్గర టీ కొట్ల మీద ఈ విషయం వస్తే రెండు నిమిషాల్లో పార్టీల గొడవ అయిపోతుంది. ఒకాయన మందగమనం లేనే లేదంటాడు, ఇంకొకాయన అంతా మోదీ వల్లే అంటాడు, మూడో ఆయన జగన్ అంటాడు, చంద్రబాబు అంటాడు, గ్లాసులు కడిగే మనిషికి జీతం తగ్గించిన సంగతి మాత్రం ఎవరూ అడగరు. మిగతావాళ్ళు "మనకేమైనా షేర్లున్నాయా" అని లేచి వెళ్ళిపోతారు. షేర్లు లేనివాళ్ళకే ఇది ముందు తగిలింది.

సెప్టెంబరు 20న కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి తగ్గించారు. రిజర్వు బ్యాంకు ఈ ఏడాది అయిదు సార్లు వడ్డీ రేటు తగ్గించింది. కంపెనీకి పన్ను తగ్గితే అది కొత్త ఫ్యాక్టరీ పెడుతుందంటున్నారు, ఉన్న ఫ్యాక్టరీలో తయారైన సరుకే కొనేవాడు లేకపోతే కొత్తది ఎందుకు పెడుతుందండీ? అదే డబ్బు మా పల్లెల్లో ఉపాధి హామీ కింద ఇస్తే మర్నాటికి కిరాణా కొట్లోకి, టైలరమ్మ దగ్గరికి, నా ఆర్డీ పుస్తకంలోకి వస్తుంది. మన రాష్ట్రంలో ఉపాధి కూలి 2019-20లో రోజుకి 211 రూపాయలు. మా వైపు పనులు ఎక్కువగా ఎండాకాలంలోనే పెడతారు, ఈసారి వలసలు తిరిగొచ్చాయి కాబట్టి ఇప్పట్నుంచే పెట్టాలి, కూలి ఆలస్యం కాకుండా వెయ్యాలి. కలెక్టరు గారు, మన ఎంపీ, ఎమ్మెల్యేలు దీని మీద మాట్లాడాలని మీ పేపరు ద్వారా అడుగుతున్నా.

మీకు నా విన్నపం ఒక్కటే. వారానికి ఒక రోజు జిల్లా పేజీలో సగం పేజీ దీనికి ఇవ్వండి. అడ్డా మీద ఎంతమందికి పని దొరికింది, షాపుల్లో ఎంతమందిని తీసేశారు, తాకట్టు వడ్డీ ఎంత నడుస్తోంది, ఉపాధి కూలి ఎన్నాళ్ళకి పడింది, ఇవి మీ విలేకరులు తిరిగి రాయాలి. దేశం లెక్క వచ్చిన రోజున దాని పక్కనే మన ఊరి లెక్క కూడా వెయ్యండి, షోరూం కుర్రాడి తల్లి చదివేలాగ మామూలు మాటల్లో.

ఆర్డీ ఆపేద్దామనుకుంటున్నవాళ్ళకి ఒక మాట, ఇది ఎవరూ చెప్పట్లేదు కాబట్టి రాస్తున్నా. ఖాతా తెరిచి ఏడాది దాటి వాయిదాలు సరిగ్గా కట్టి ఉంటే అందులో ఉన్నదాంట్లో సగం దాకా లోను తీసుకోవచ్చు, మూసెయ్యక్కర్లేదు. ఒకట్రెండు నెలలు కట్టలేకపోతే వందకి నెలకి రూపాయి చొప్పున ఫైను కట్టి కొనసాగించొచ్చు. నాలుగు నెలల కంటే ఎక్కువ తప్పితే ఖాతా ఆగిపోతుంది, అప్పుడు కూడా రెండు నెలల్లోపు వెళ్తే మళ్ళీ తెరుస్తారు. మీ ఏజెంటు వస్తే తలుపు తియ్యండి, మొహం చాటెయ్యకండి, ఈ నెల లేదని చెప్పండి చాలు, మేం ఏమీ అనుకోం.

ఇట్లు,
ఒక పోస్టాఫీసు ఆర్డీ ఏజెంటు,
విజయనగరం
డిసెంబరు 2019