పాఠక సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది చదివిన రష్యన్ కథలు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది నెలనెలా కలిసి పంతొమ్మిదో శతాబ్దపు రష్యన్ కథలే చదివాం. ఆనాటి జీతాలు, పన్నులు, చట్టాలు కూడా పక్కన పెట్టుకుని చదవాలని కిందటి సర్వసభ్య సమావేశంలో అనుకున్నాం. దాంతో చదువు నెమ్మదించి, అనుకున్న పుస్తకాల్లో సగమే అయ్యాయి. అయినా అది మంచి నిర్ణయమేనని కార్యదర్శిగా నా అభిప్రాయం.

గొగోల్ ‘ఓవర్‌కోటు’ (1842)కే రెండు సమావేశాలు పట్టాయి. పీటర్స్‌బర్గ్ గుమాస్తా అకాకి అకాకియెవిచ్ జీతం ఏడాదికి 400 రూబుళ్లు. కొత్త కోటుకు 80, అంటే దాదాపు రెండున్నర నెలల జీతం. చేతిలో ఉన్నవి 40. మిగతా డబ్బు కోసం సాయంత్రం టీ మానేశాడు, రాత్రి కొవ్వొత్తి వెలిగించలేదు, బూట్ల అడుగు అరగకుండా మునివేళ్ల మీద నడిచాడు. కాలర్ దగ్గరికి వచ్చేసరికి టైలరింగ్ చేసే మన సభ్యుడొకరు ఆపమన్నారు. మార్టెన్ అనే జంతువు ఖరీదైన బొచ్చు కొనలేక పిల్లి బొచ్చు వేస్తారు, దూరం నుంచి చూస్తే తేడా తెలియదని. “పెళ్లి బట్టల దగ్గర మా షాపులోనూ ఇదే లెక్కండీ” అన్నారాయన. ఆ కోటు కుట్టిన దర్జీ ఒకప్పుడు సెర్ఫ్, దొర సొత్తు. అప్పుడు ఉత్త గ్రిగొరీ. విడుదల కాగితం చేతికొచ్చాకే తండ్రి పేరు మీద పెత్రోవిచ్ అయ్యాడు. గొగోల్ ఒక్క వాక్యంలో చెప్పేసిన ఈ సంగతిని మొదటిసారి మాలో ఎవరూ పట్టుకోలేదు.

తర్వాత కొడవటిగంటి కుటుంబరావు గారి అనువాదంలో గొగోల్ నవల ‘మృతజీవులు’. సెర్ఫుల జనాభా లెక్క ఏళ్లకోసారి తీసేవారు. మధ్యలో చనిపోయినవాళ్లు తర్వాతి లెక్క దాకా కాగితం మీద బతికే ఉంటారు, వాళ్ల తలపన్ను దొర కట్టాల్సిందే. చిచికోవ్ ఆ పేర్లు కొని, వాటిని తాకట్టు పెట్టి అప్పు తేవాలని చూస్తాడు. కొరోబొచ్కా అనే భూస్వామురాలు ఇంకెవరైనా ఎక్కువ ధర ఇస్తారేమోనని తటపటాయిస్తే అందరం నవ్వాం. అదే జాబితాలో స్తెపాన్ అనే వడ్రంగి పేరు చదువుతూ చిచికోవ్ ఆగిపోయిన చోట మాకూ మాట రాలేదు.

1861లో రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్ సెర్ఫ్‌డమ్ రద్దు చేశాడు. భూమి మాత్రం ఊరికే రాలేదు. రైతులు 49 ఏళ్ల వాయిదాల్లో కట్టాలన్నారు, 1907 దాకా కడుతూనే ఉన్నారు. ఈ విషయం మీద వాదన బాగా వేడెక్కింది, హాలు మూసేవేళ కూడా తేలలేదు.

చందాలు ఖర్చులకు సరిపోయాయి. పాత మాస్కో అనువాదాలు దొరక్క చాలా ఇబ్బంది పడ్డాం. ఒకప్పుడు విశాలాంధ్రలో చవగ్గా కొని అటకెక్కించిన ప్రతులే మమ్మల్ని ఆదుకున్నాయి.

వచ్చే ఏడాది చెహోవ్‌తో మొదలుపెడతాం. ఆయన తాత డబ్బు కట్టి తన కుటుంబాన్ని విడిపించుకున్న సెర్ఫ్. ముందుగా 1897 నాటి ‘రైతులు’ కథ చదువుదాం. ఎవరి అటక మీదైనా ప్రతి ఉంటే దయచేసి తీసుకురండి.

— కార్యదర్శి