520ని 30,000తో గుణిస్తే సరిపోతుందా?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో రోమన్ వెండి నాణేల మీద మీరు వేసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఇలాంటి విషయానికి అంత చోటు ఇచ్చినందుకు సంతోషం. కానీ ఒక వాక్యం గొంతులో ముల్లులా ఆగిపోయింది. క్రీ.పూ. 82లో పబ్లియస్ క్రెపూసియస్ అనే టంకశాల అధికారి 1,56,00,000 డెనారియస్‌లు (రోమన్ వెండి నాణేలు) ముద్రించాడట. ఎవరో పక్కన కూర్చుని ఒక్కొక్కటీ ఎంచినట్టు రాశారు!

రోమ్ టంకశాల ఖాతా పుస్తకాలేవీ మనకు మిగల్లేదు. మరి ఈ అంకె ఎక్కడిది? కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి, రోమన్ నాణేల ఫొటోలు పోల్చి చూసే పిచ్చి ఉన్నవాణ్ణి కాబట్టి ఇట్టే దొరికిపోయింది. 520ని 30,000తో గుణించారు, అంతే.

క్రెపూసియస్ నాణేనికి బొమ్మ వైపు అపోలో తల, బొరుసు వైపు బల్లెం ఎత్తిన రౌతు ఉంటాయి. రౌతు వెనక చిన్నగా రోమన్ అంకె కనిపిస్తుంది. అది బొరుసు అచ్చు నంబరు. (అచ్చు అంటే నాణెం మీద బొమ్మ పడేలా కొట్టే చెక్కిన లోహపు ముద్ర.) ఆ నంబర్లు 500 దాటాయి. అచ్చుల లెక్క ఇలా నాణెం మీదే రాసి ఉండటం చాలా అరుదైన అదృష్టం. మీ వ్యాసంలోని 520 దీన్నుంచే వచ్చింది.

ఇక 30,000. నాణేల పండితుడు క్రాఫర్డ్ 1974లో రోమన్ గణతంత్రపు నాణేలన్నిటికీ లెక్క కడుతూ, ఒక్కో అచ్చు సగటున 30,000 నాణేలు కొట్టి ఉంటుందని అనుకున్నాడు. అది కేవలం అనుకోలు. పైగా ఆయన అనుకున్నది బొమ్మ వైపు అచ్చు గురించి. ఆ అచ్చును దాగలిలో బిగిస్తారు. బొరుసు అచ్చును పైన పట్టుకుని సుత్తితో కొడతారు. దెబ్బ నేరుగా తినేది బొరుసు అచ్చే కాబట్టి అది ముందు పాడవుతుంది. (క్రీ.పూ. 46 నాటి కరీసియస్ అనే టంకశాల అధికారి డెనారియస్ మీద ఆ దాగలి, సుత్తి, పట్టకారు చక్కగా చెక్కి ఉన్నాయి. ఈసారి ఆ ఫొటో వేయండి.) బొరుసు అచ్చుల సంఖ్యను బొమ్మ అచ్చు ఆయుష్షుతో గుణిస్తే వచ్చేదాన్ని ఏమనాలో నాకు తెలియదు.

అసలు ఒక అచ్చు ఎన్ని నాణేలు కొడుతుంది? రాతపూర్వక ఆధారం కోసం వెతికితే రోమ్ దాటి గ్రీసుకు పోవాలి. డెల్ఫీలో క్రీ.పూ. 330ల నాటి శాసనాల్లో నాణేలకు వాడిన వెండి లెక్కలు ఉన్నాయి. వాటిని దొరికిన నాణేల అచ్చులతో పోలిస్తే, బొమ్మ అచ్చు ఒక్కోటి సుమారు 23,000 నుంచి 47,000 దాకా కొట్టినట్టు తేలింది. ఒకే చోట, ఒకే ముద్రణకే ఇంత తేడా. అందుకే బట్రే అనే పండితుడు 1993లో ఈ గుణకారాలన్నీ ఊహలేనని కొట్టిపారేశాడు. రెండేళ్లకు కలాటే అనే మరో పండితుడు, మరీ అంత నిరాశ అక్కర్లేదని జవాబిచ్చాడు. నేను కలాటే పక్షమే, కాకపోతే బట్రే మాటలు చెవిలో మోగుతూనే ఉంటాయి.

ఎందుకో నా అనుభవమే చెబుతాను. నంబర్లు లేని ఒక డెనారియస్ ముద్రణకు 100 నాణేల ఫొటోలు పోగేసి, ముక్కు కొసకీ అక్షరానికీ మధ్య ఎడం చూస్తూ, జుట్టు పాయలు పోలుస్తూ వారం రోజులు కూర్చున్నాను. 62 బొమ్మ అచ్చులు తేలాయి. మర్నాడు మళ్లీ చూస్తే ఒక నాణెం మీద గడ్డం కింద సన్నటి గీత కనిపించింది, ఇంకో నాణెం మీద అదే గీత మెడ దాకా పాకింది. అచ్చుకు పగులు వస్తే నాణెం మీద ఉబ్బెత్తు గీతై పడుతుంది. రెండూ ఒకే అచ్చువి, రెండోది ముసలితనంలో కొట్టింది. ఇలాంటిదే ఇంకో జంట దొరికింది. లెక్క 60కి దిగింది.

మొత్తం ఎన్ని అచ్చులు ఉండేవో తేల్చే సూత్రాల్లో సులువైనది ఇది: నాణేల సంఖ్యను అచ్చుల సంఖ్యతో గుణించి, ఆ రెంటి తేడాతో భాగించాలి. 62 అయితే 163, 60 అయితే 150. నా కంటి పొరపాటు రెండుసార్లు, అచ్చులు పదమూడు! 30,000తో గుణిస్తే దాదాపు నాలుగు లక్షల నాణేలు నా కళ్లజోడులోంచి పుట్టుకొచ్చాయి.

ఇంకో చిక్కుంది. కొన్ని అచ్చులు మొదటి రోజే పగిలి, కొన్ని నెలల తరబడి నిలిచాయనుకునే సూత్రం అది. అన్నీ సమానంగా బతికాయనుకుంటే అదే 60కి మొత్తం సుమారు 89 మాత్రమే వస్తుంది. 89 అచ్చులకు డెల్ఫీ కనిష్ఠం, 150 అచ్చులకు డెల్ఫీ గరిష్ఠం తీసుకుంటే ఆ ముద్రణ 20 లక్షల నుంచి 70 లక్షల దాకా ఎంతైనా కావచ్చు.

అలాగని చేతులెత్తేయక్కర్లేదు. నా 100 నాణేల్లో 36 ఒంటరివి, అంటే వాటి అచ్చు మళ్లీ కనిపించలేదు. నమూనా సరైనదైతే ఆ ముద్రణలో సుమారు 64 శాతం ఈ 60 అచ్చుల నుంచే వచ్చిందని చెప్పొచ్చు. దీనికి అచ్చు ఆయుష్షు తెలియాల్సిన పనిలేదు. యుద్ధకాలంలో శత్రు సంకేతాలు ఛేదిస్తూ గణితజ్ఞుడు ట్యూరింగ్ వాడిన ఆలోచన ఇదే, తర్వాత ఆయనతో పనిచేసిన గుడ్ ప్రచురించాడు. నమూనా మాత్రం ఒకే లంకెబిందె నుంచి రాకూడదు. టంకశాల నుంచి నేరుగా వచ్చి పాతిపెట్టిన సంచీలో ఒకే అచ్చు నాణేలు గుంపుగా ఉంటాయి.

రెండు సంవత్సరాల ముద్రణలను పోల్చడానికి కూడా అచ్చుల లెక్క బాగా పనికొస్తుంది. ఫలానా ఏడాది అచ్చులు మూడింతలయ్యాయంటే, సైన్యాల జీతాలకు వెండి పోశారేమో అని అడగొచ్చు. రిచర్డ్ షేఫర్ అనే నాణేల పరిశోధకుడు దశాబ్దాల పాటు వేలం కేటలాగుల ఫొటోలు కత్తిరించి అచ్చుల వారీగా అతికించింది ఇలాంటి ప్రశ్నల కోసమే. ఆ సంపదను న్యూయార్క్‌లోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ ఇప్పుడు ఆన్‌లైన్‌లో పెట్టింది.

మీ అంకెను నమ్మితే క్రెపూసియస్ ఒక్కడి పేరు మీదే 60 టన్నుల వెండి కరిగింది. సవరణ వేసేటప్పుడు ఒక్క సంఖ్య కాకుండా కనిష్ఠం, గరిష్ఠం రెండూ ఇవ్వండి. ఇంకో మాట: ఫొటో కింద "వెనక వైపు రోమా దేవత" అని ఉంది. అది అపోలో, పైగా బొమ్మ వైపు.

ఇట్లు,
ఒక పాత స్టాటిస్టిక్స్ మాస్టారు